సమాధుల తోట మీదుగా ఎర్రగీత

నేను చేసే పనేమిటని ఎవరైనా అడిగితే డ్రోన్ ఎగరేస్తానని చెబుతాను. పెళ్లిళ్లకా అని అడుగుతారు. కాదు, సముద్రం ఏటా ఒడ్డును ఎంత కోసుకుపోతోందో, ఎక్కడ మళ్లీ ఇసుక పోస్తోందో పైనుంచి ఫోటోలు తీసి పటాలు తయారు చేస్తామని చెబితే, మంచి పనే అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పును మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు.

మాది నెల్లూరు జిల్లాలో లోపలి పల్లె. వరి తప్ప మరొకటి తెలియని ఇల్లు. బస్సులో గంటన్నర ప్రయాణం చేస్తే సముద్రం వస్తుంది గాని, మా నాన్నకు సముద్రమంటే ఒక గాలి మాత్రమే. కంకి పాలు పోసుకునే వేళకు వచ్చి చేనును పడుకోబెట్టే గాలి. నేను భూగోళశాస్త్రం చదివి ఈ ఉద్యోగంలో చేరిన రోజు ఆయన ఒక్కటే అడిగాడు, "అయితే ఈసారి గాలి ఎప్పుడొచ్చేది మీకు ముందే తెలుస్తాదా?" అని. అది వేరే వాళ్ల పని నాన్నా, వచ్చిపోయినాక ఏం మిగిలిందో చూడటం మా పని అన్నాను. ఆయన తల ఊపి చేలోకి వెళ్లిపోయాడు.

నాకు అప్పగించిన తీరం మైపాడు దాటాక మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్లాలి. ఈశాన్యపు వానలు వెనకబట్టాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి. అదే దారిలో, అదే ఎత్తులో, సముద్రం బాగా వెనక్కి తగ్గిన వేళ చూసుకుని డ్రోన్ ఎగరేయాలి. నేనూ, జీపు నడిపే అన్నా, ఇద్దరమే. మాకు పై అధికారి నగరంలో ఆఫీసులో ఉండేవాడు. ఆయన్ని సారు అనే పిలిచేవాళ్లం.

రొయ్యల గుంటల మధ్య గట్టు మీద అరగంట కుదుపులు తిన్నాక ఒక చిన్న పల్లె వస్తుంది. దాని పేరు రాయను. అరవై డెబ్బై ఇళ్లు, ఒక చిన్న చర్చి, ఒడ్డున పడవలు. మేము మొదటిసారి అక్కడ దిగి పెట్టె తెరిచేసరికి చుట్టూ జనం చేరారు. పోర్టు వస్తుందనీ, ఫ్యాక్టరీ వస్తుందనీ అంతకు ముందు ఎవరెవరో వచ్చి కొలతలు వేసుకుని పోయారట. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న ఒకామె ఆగి, తట్ట దించకుండానే అడిగింది.

"ఏందమ్మా కొలస్తా ఉండారు? పోర్టుకా, కంపెనీకా?"

"రెండిటికీ కాదక్కా. సముద్రం ఎంత ముందుకొచ్చిందో చూస్తున్నాం."

"దానికి ఆ పురుగెందుకు? నన్నడిగితే నేను చెప్పనా?"

నిజంగానే చెప్పింది. పడవలు ఊగుతున్న చోటు చూపించి, తాను కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడ వలలు ఎండేసేవాళ్లని, ఆ అవతల ఇంకా ఒక వరస తాటిచెట్లు ఉండేవని, ఏ తాడి ఏ వానల్లో పడిందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత ఆఫీసులో పాత ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తే ఆమె చెప్పిన చోట్లు దాదాపు సరిపోయాయి. రెండోరోజు నుంచి ఆమెను మా పనిలో చేర్చుకున్నాం.

ఆమె వయసు అప్పటికి నలభై దాటి ఉంటుంది. నేను అక్కా అనే పిలిచేదాన్ని. ఇసుకలో అక్కడక్కడా నలుపు తెలుపు గళ్ల పలకలు పరిచి, ఒక్కొక్కటి ఎక్కడుందో జీపీఎస్ తో కచ్చితంగా కొలిస్తేనే పైనుంచి తీసిన ఫోటోలు సరిగ్గా అతుక్కుంటాయి. ఆ పలకలు పరచడం, వాటిని కుక్కలూ గొడ్లూ తొక్కకుండా చూడటం ఆమె పని. కోడిపిల్లలకు ఆ నలుపు తెలుపులంటే ఎందుకో మహా ఇష్టం. వాటిని అదిలించడానికే సగం పొద్దు పోయేది. ఒకసారి గద్ద డ్రోన్ మీదికి దూకబోతే ఆమె చీర కొంగు ఊపుకుంటూ ఒడ్డంతా పరిగెత్తింది. సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో నేను ఫోనులో చూసుకునేదాన్ని. ఆమె నీళ్ల వైపు ఒకసారి చూసి, ఇంకో బ్యాటరీ ఎగిరేంత టయిముంది అనేది. ఆమె మాటే నిజమయ్యేది.

ఆ మొదటి ఏడాదే ఒకరోజు, డ్రోన్ పల్లెకు దక్షిణంగా సరుగుడు తోట మీదుగా పోతుంటే, ఆమె నా భుజం పక్కకు వచ్చి టాబ్లెట్ లోకి తొంగి చూసింది. చెట్ల నడుమ ప్రహరీ కట్టిన చిన్న జాగా కనిపించింది. లోపల వరసలుగా తెల్లని దిమ్మెలు.

"అది మా సమాధుల తోట గదా," అంది. తర్వాత సముద్రం వైపు ముందు వరసలో నీలం రంగు వేసిన ఒక దిమ్మె మీద వేలు పెట్టింది. "ఆయన ఈడుండాడు. మీద నుంచి ఇట్టా కనపడతాడా?"

డ్రోన్ ను కాసేపు అక్కడే నిలబెట్టాను. ఆమె కళ్లార్పకుండా చూసింది. బ్యాటరీ తగ్గుతోందని చెబితే, సరే పోనీ అంది.

ఆయన సంగతి ఒకేసారి చెప్పలేదు. రెండు మూడు రాకల్లో, పలకలు మోసుకుని నడుస్తూ కొంచెం కొంచెంగా చెప్పింది. ముగ్గురు మగవాళ్లు ఒకే పడవలో వేటకు పోయారు. గాలి మారింది. పడవ రెండు రోజుల తర్వాత తిరగబడి కనిపించింది. మనుషులు లేరు. ముగ్గురి భార్యలూ ఒడ్డున కూర్చున్నారు. తొమ్మిదోరోజున, దక్షిణంగా చాలా దూరాన, వేరే పల్లెవాళ్లకు ఒక శవం దొరికింది. మొహం చూసి గుర్తుపట్టే స్థితి లేదు. నల్ల చొక్కాకు ఒక గుండీ తెల్లదారంతో కుట్టి ఉంది. నల్లదారం అయిపోతే తెల్లదారంతో కుట్టి, కనపడదులే పో అని ఆయన్ని పంపించింది తానే. ఆ గుండీ చూసి తన మనిషేనని తెలుసుకుంది.

మిగతా ఇద్దరూ దొరకలేదు.

పల్లెలో అందరూ ఆమెను అదృష్టవంతురాలు అన్నారట. సముద్రంలో పోయినవాడు మట్టికి దక్కడం చిన్న సంగతి కాదు. ఏటా ఈస్టరు నాడు తెల్లవారుజామున చర్చివాళ్లంతా సమాధుల తోటకు పోయి, సున్నం కొట్టిన దిమ్మెల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. అప్పుడు ఆ ఇద్దరు ఆడవాళ్లు కూడా ఈమె భర్త సమాధి దగ్గరికే వచ్చేవాళ్లు. ముగ్గురూ కలిసి పోయినోళ్లు, ఒకడన్నా ఇంటికి తిరిగొచ్చినాడు, వాడి దగ్గరే మావోళ్లకీ ఒక పువ్వు పెట్టుకుంటాం అనేవాళ్లట. ఆమె తాను తెచ్చిన పూలలో నుంచి వాళ్లకు సగం ఇచ్చేది.

రెండో ఏడు వానల తర్వాత తీసిన ఫోటోలు ఆఫీసులో అతికి, ముందటి ఏటి పటం మీద పరిచాను. ఒడ్డు ఏ ఏడు ఎక్కడుందో ఒక్కో రంగులో గీతలు గీసి, అదే తీరున పోతే ముందు ముందు ఎక్కడిదాకా వస్తుందో లెక్క కట్టి ఎర్రగీత గీయాలి. ఉత్తరాన ఇసుక కొంచెం చేరింది. పల్లె ముందు పెద్ద మార్పు లేదు. దక్షిణాన సరుగుడు తోట దగ్గర మాత్రం ఒడ్డు ఒక్క ఏడాదిలో బాగా లోపలికి వచ్చేసింది. ఎర్రగీత సమాధుల తోట మీదుగా, రెండో వరసకూ మూడో వరసకూ మధ్య నుంచి పోయింది. ముందు రెండు వరసలూ గీతకు అవతల, సముద్రం వైపు ఉండిపోయాయి.

లెక్కలో తప్పుందేమోనని మళ్లీ మొదటి నుంచి చేశాను. గీత అక్కడే వచ్చింది. సారుకు చూపించాను. ఆయన చెడ్డమనిషి కాదు. చాలాసేపు చూసి, రెండేళ్ల ఫోటోలతో అంత మాట చెప్పలేం అన్నాడు. వేసవిలో సముద్రం నెమ్మదించి తీసుకుపోయిన ఇసుకను వెనక్కి తెచ్చిపోస్తుందని, ఇంకో వానాకాలం చూస్తేగాని గీత నిలబడదని, ఈలోపు పల్లెలో చెబితే భయపడతారని, వేరొక చోట ఇట్టాగే ముందే బయటపడి పెద్ద గొడవైందని చెప్పాడు. రిపోర్టు పూర్తయ్యేదాకా ఎవరితోనూ అనొద్దన్నాడు. నేను సరేనన్నాను. శాస్త్రం తెలిసినవాళ్లు తొందరపడి మాట్లాడకూడదని నేనూ నమ్మేదాన్ని. ఇవాళ ఇది రాస్తూ కూడా, ఆయన చెప్పిన ఒక్కొక్క మాటా విడిగా చూస్తే తప్పని అనలేను.

ఆ వేసవిలో మళ్లీ వెళ్లాను. నిజంగానే కొంత ఇసుక తిరిగి వచ్చింది. నాకు మనసు తేలికపడింది. పలకలు పరిచి నీడకు కూర్చున్నప్పుడు అక్క తన ఆలోచన చెప్పింది. ఆ సిమెంటు దిమ్మె ఉప్పుగాలికి పెచ్చులు ఊడిపోతోంది. దాని మీద నల్లరాతి పలక వేయించి, పేరూ ఒక వాక్యమూ చెక్కించాలని ఉంది. ఎన్నాళ్ల నుంచో అనుకుంటోంది, ఇప్పటికి కుదిరింది. అంతా చెప్పి అడిగింది:

"నువ్వు మీద నుంచి చూస్తా ఉండావు గదమ్మా. ఆడ రాయి వేపిస్తే నిలబడతాదా? లోపలికేమన్నా మార్చమంటావా?"

అంతకంటే సూటిగా ఎవరూ అడగలేరు. చెప్పు అని నా లోపల ఏదో గట్టిగానే అంది. రెండు వరసల వెనక్కి మార్చుకో అక్కా అనడానికి ఎన్ని మాటలు కావాలి?

"చూస్తున్నాం అక్కా," అన్నాను. "ఇంకా ఏమీ తెలీదు. ఇప్పుడైతే ఇసుక మళ్లీ పోస్తోంది."

"అయితే భయం లేదు," అంది తృప్తిగా.

రాయి వేసిన రోజు నేను ఆ పల్లెలోనే ఉన్నాను. నలుగురు మగవాళ్లు పలక మోసుకొచ్చారు. చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. ఆ ఇద్దరు ఆడవాళ్లూ వచ్చారు. అక్క నన్ను కూడా పిలిచి, మీద నుంచి ఒక ఫోటో తియ్యమంది. ముగ్గురూ రాతి పక్కన నిలబడి తలెత్తి డ్రోన్ వైపు చూశారు. సముద్రం వాళ్ల వెనకాల ఎండలో మెరుస్తూ ఎంతో దూరాన ఉన్నట్టే కనిపించింది. నేను ఫోటో తీశాను. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది గాని, తెరిచి చూసి చాలా రోజులైంది.

ఆ ఏటి వానాకాలంలో వాయుగుండం పట్టి తుఫాను అయింది. ముందే హెచ్చరికలు వచ్చాయి. పల్లె మొత్తాన్ని బస్సుల్లో ఇందుకూరుపేట వైపు బడికి తరలించారు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. తుఫాను తీరం దాటిన మూడోరోజు సారు ఫోన్ చేసి, తుఫాను తర్వాతి ఒడ్డును వెంటనే ఫోటో తీయకపోతే ఆనవాళ్లు చెరిగిపోతాయి, బయలుదేరు అన్నాడు. తోటపల్లి గూడూరు దాటినప్పటి నుంచి దారి పొడుగునా చేలు చెరువుల్లా ఉన్నాయి. రొయ్యల గుంటలకూ వరి పొలాలకూ తేడా తెలియలేదు. జీపు గట్టు మీద చివరిదాకా పోలేదు. చివరి మైలు నడిచే వెళ్లాం.

జనం అప్పుడే బడి నుంచి తిరిగి వస్తున్నారు. అక్క నాకంటే కొంచెం ముందే చేరి, తడిసిన సామాను బయటేసి ఉంది. నన్ను చూడగానే చేతిలోదంతా కింద పెట్టి వచ్చింది. పల్లెకూ సరుగుడు తోటకూ నడుమ ఉన్న చిన్న కాలవ తెగి ఏరులా పారుతోంది. అటు దాటి పోయే వీలు లేదు. ఇంకా ఎవరూ పోలేదు.

"ముందు ఆ పక్కకి పోనీ అమ్మా," అంది.

గాలి ఇంకా తగ్గలేదు. ఎగరేయకూడని గాలే. అయినా ఎగరేశాను. డ్రోన్ పక్కలకు ఊగుతూ కాలవ దాటింది. ఇద్దరం తెరలోకి చూస్తున్నాం. సరుగుడు చెట్లు తలలు సముద్రం వైపు పెట్టి వరసగా పడి ఉన్నాయి. వేళ్లన్నీ పైకి లేచి ఉన్నాయి. తర్వాత వెనక ప్రహరీ, తర్వాత వెనక వరసల దిమ్మెలు, సున్నం కొట్టుకుపోయి. ఆ తర్వాత నిలువుగా తెగిన ఇసుక గట్టు. గట్టు కింద నురుగు.

"ఇంకొంచెం ముందుకు పోనీ."

"అంతే అక్కా."

"ఇంకొంచెం పోనీ."

ముందుకు పంపాను. నీళ్లు. బురదరంగు నీళ్లు, వాటి మీద కొమ్మలు. ఇంకా ముందుకు పంపాను. ఆమె తెరకు బాగా దగ్గరగా వంగింది. నీలం రంగేమైనా కనిపిస్తుందేమోనని చూస్తోందని నాకు అర్థమైంది. బ్యాటరీ హెచ్చరిక మోగుతూనే ఉంది. ఇక లాభం లేదని వెనక్కి తిప్పాను. డ్రోన్ వచ్చి మా కాళ్ల దగ్గర దిగేదాకా ఆమె ఖాళీ ఆకాశం వైపు చూస్తూ నిలబడింది.

నేను బ్యాటరీ మారుస్తూ టాబ్లెట్ ఆమె చేతికిచ్చాను. అలవాటుగా ఇచ్చాను. ఆ మూడేళ్లలో ఆమె పటం చదవడం నేర్చుకుంది. ఏ రంగు ఏ ఏటిదో ఆమెకు తెలుసు. డ్రోన్ ఫోటోలు ఆగిపోయేసరికి తెర మీద మా పాత పటం వచ్చింది, వేసవిలో నేను ఆమెకు చూపించనిది. ఆమె దాన్ని వేలితో జరుపుకుంటూ సమాధుల తోట దాకా తెచ్చుకుంది.

"ఈ ఎర్రగీత ఏంది?"

నేను బ్యాటరీల పెట్టె మీదికి వంగాను.

"ఇది ఇప్పుడు గీసింది కాదు గదా. ఎప్పటిది?"

"పోయిన ఏటిది అక్కా."

"రాయి ఎయ్యక ముందా?"

"ముందే."

ఆమె టాబ్లెట్ ను జాగ్రత్తగా పెట్టె మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"చెప్పుంటే తీసి పెట్టుకునేదాన్ని గదమ్మా. ఆ ఎముకలన్నా."

సారు చెప్పొద్దన్నాడని, అప్పటికి గీత ఖాయం కాలేదని, వేసవిలో ఇసుక తిరిగి వచ్చిందని, నాకు తెలిసినవన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ అనలేదు. తప్పయిపోయింది అక్కా అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. వంగి పలకల సంచి తీసి భుజానికి వేసుకుంది. ఒద్దక్కా, ఇవాళ నేను చూసుకుంటా అంటే, "నీళ్లు మళ్లతా ఉండాయి, టయిం లేదు," అని ముందుకు నడిచింది. ఆ రోజు పని మొత్తం ఆమే చేసింది. పలకలన్నీ పరిచింది, అన్నీ తిరిగి తెచ్చింది, ఇసుక దులిపి మడిచి ఇచ్చింది. పోయేటప్పుడు ఎప్పుడూ వందనాలమ్మా అనేది. ఆ రోజు అనలేదు.

రెండురోజుల తర్వాత కాలవ తగ్గాక పల్లెవాళ్లు తోటకు పోయారు. ముందు వరసల నుంచి చెదిరి ఒడ్డున పడినవాటిని ఏరి, ఎవరివో తెలియకపోయినా అన్నిటినీ ఒకే గోతిలో పెట్టి అయ్యగారు ప్రార్థన చేశారట. నల్లరాయి రెండు ముక్కలై తడి ఇసుకలో దొరికింది. దాని కింది మనిషి దొరకలేదు.

నేను నగరానికి తిరిగి పోయి సారు ముందు కూర్చుని జరిగింది చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న, నేను చెప్పిన అబద్ధం, రెండూ చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ అబద్ధంలో సగం నాదే," అన్నాడు. ఆ తర్వాత, పటం పెద్దగా ప్రింటు తీసి పల్లెకు తీసుకుపొమ్మన్నాడు. రిపోర్టు ఇంకా రాలేదు గదా సార్ అంటే, నేను చూసుకుంటాను, నువ్వు పో అన్నాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అయ్యగారి అనుమతితో చర్చి గోడకు ఆ పటం తగిలించాను. మైకు ముందు నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు. ఏ గీత ఏ ఏటిదో చెప్పాను. తోటలో మిగిలిన వరసలు కూడా ఎక్కువకాలం ఉండవని, పల్లెలో దక్షిణపు కొస ఇళ్లకు కూడా ముప్పు ఉందని చెప్పాను. కచ్చితంగా ఏ ఏడని చెప్పలేమని, అయినా ఆగి చూద్దాం అనుకోవద్దని చెప్పాను. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లలో అక్క చివరన ఉంది. అందరూ ఒకేసారి ఏవేవో అడుగుతుంటే ఆమె లేచింది. మిగతావాళ్లు ఆగారు.

"ఈ గీత నిజమేనా?" అంది. "మళ్లా మారుస్తారా?"

"ఇంకా ఇటే రావచ్చు గాని వెనక్కి పోదక్కా. నిజమే."

ఆమె కూర్చుంది. నన్ను అంతమంది ముందు అడిగి చెప్పించింది మందలించడానికో, నా మాటకు బలం ఇవ్వడానికో నాకు తెలియలేదు. ఆమెను ఎప్పుడూ అడగలేదు.

ఆ వేసవిలో పల్లెవాళ్లు మిగిలిన సమాధులను తరలించారు. రోడ్డుకు ఇవతల, మెట్ట చేలో కొంత జాగా ఒక రైతు ఇచ్చాడు. నేను డ్రోన్ పని లేకపోయినా వెళ్లాను. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు కొత్త తెల్లబట్ట రెండు వైపులా పట్టుకుని నిలబడ్డారు. తీసినవాటిని అందులో మూటకట్టి, పేరు పలికి, బండిలో పెట్టారు. అక్క పొద్దున్నుంచి సాయంత్రందాకా బట్ట పట్టుకునే ఉంది. ఎవరి అత్తకో, ఎవరి బిడ్డకో. తనకు తవ్వుకోవడానికి ఏమీ లేదు. అయ్యగారు కొత్త జాగాలో ఆయన పేరున కూడా ఒక సిలువ నిలబెడదాం అంటే వద్దంది. మనిషి లేని చోట రాయెందుకయ్యగారూ అంది.

మధ్యాహ్నం నీళ్లు తాగడానికి కూర్చున్నప్పుడు ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఆమెకు చెరో పక్కన కూర్చున్నారు. వాళ్లలో పెద్దామె ఆమె వీపు నిమురుతూ, "ఇప్పుడు ముగ్గురం ఒకటే అయినాం మే," అంది. అంత చెప్పాక పెద్దామె ఏడ్చింది. అక్క ఏడవలేదు. చెంబులో మిగిలిన నీళ్లు పెద్దామెకు ఇచ్చింది.

తర్వాతి రాకకు మా పలకలు పరచడానికి వేరే ఆమె వచ్చింది. అక్క పల్లె వదిలి తడ దగ్గర చెల్లెలి ఇంటికి పోయిందని చెప్పారు. అక్కడ ఫ్యాక్టరీల్లో ఒకదాని క్యాంటీన్ లో వంటపనిలో కుదిరిందట. దక్షిణపు కొసన ఉన్న ఆమె ఇల్లు ఇంకా నిలబడే ఉంది. తలుపుకు తాళం ఉంది. ఆ చుట్టూ మరో నాలుగిళ్లు ఖాళీ అయ్యాయి. కొత్త ఆమె మంచి మనిషే. గద్ద వస్తే మాత్రం నన్నే పిలుస్తుంది.

ఈ ఏడు పని మీద తడ వైపు పోవలసి వచ్చింది. పోనా వద్దా అని దారంతా ఆలోచించి, చివరికి ఆ క్యాంటీన్ గేటు దగ్గర చెప్పి పంపించాను. ఆమె తలకు గుడ్డ కట్టుకుని, తడి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. బాగా చిక్కింది. తిన్నావా అని అడిగింది. లేదంటే లోపలికి పోయి అన్నం, పప్పుచారు తెచ్చి, గోడ పక్కన బల్ల మీద పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుంది. నాన్న ఆరోగ్యం అడిగింది. సారు సంగతి అడిగింది. సముద్రం గురించి మాత్రం అడగలేదు. నేనే చెప్పాను, తోటలో మిగిలిన జాగా కూడా పోయిందని. తల ఊపింది.

"ఇంకా అదే పని చేస్తా ఉండావా?"

"చేస్తున్నా అక్కా. ఇప్పుడు ప్రతి ఏడూ పటం ముందు పల్లెకే చూపిస్తున్నాం. ఆ తర్వాతే ఆఫీసుకు."

"మంచిది." బల్ల మీద పడిన మెతుకు తీసేసింది. "నీ మీద కోపం పోయిందని చెప్పను. పోలేదు. చెప్తే అబద్ధం అవుతాది. అయినా నువ్వొచ్చినావంటే బయటికి రాకుండా ఉండలేకపోయినా."

ఆ గుండీ గురించి నేను తరచు ఆలోచిస్తుంటానని చెప్పబోయి మానుకున్నాను. అది ఆమె దుఃఖం. దాన్ని నా బాధకు వాడుకునే హక్కు నాకు లేదు.

లోపల ఎవరో పిలిచారు. ఆమె నా కంచం తీసుకుంది. నేను కడుగుతానంటే వినలేదు. మళ్లీ ఎప్పుడొస్తావని గాని, రావద్దని గాని అనలేదు. పప్పుచారులో ఉప్పు ఎక్కువైందేమో అని అడిగింది. లేదు, సరిపోయిందన్నాను. వంటింటి తలుపు ఆమె వెనక మూసుకుంది. నేను చెయ్యి కడుక్కుని, జీపు ఆగి ఉన్న రోడ్డు వైపు నడిచాను.